కడిగేసిన స్లైడు

మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, పదవీ విరమణ చేసిన మా ల్యాబు వాళ్ళందరం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గుంపులో ఒక ఫోటో కనిపించింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఒక చెయ్యి మైక్రోస్కోపు మీద ఆనించి, ఎవరో పిలిస్తే తలెత్తి నవ్వినట్టున్న మా అన్నయ్య ఫోటో అది. ఆయన పోయిన తేదీ మళ్ళీ వచ్చిందని, చుట్టూ ఎవరో అతికించిన బంతిపూల దండ బొమ్మ. కింద ఒకే ఒక వాక్యం: ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఒక్క తప్పు కూడా చేయని చేతులు. దాని కింద నమస్కారాలు, పూలు, కన్నీటి బొమ్మలు వరసగా వచ్చి పడుతూనే ఉన్నాయి. నేను నాలుగుసార్లు జవాబు రాసి నాలుగుసార్లూ చెరిపేశాను. కోపం వచ్చినప్పుడు జవాబు రాయకూడదని ఇంట్లో వాళ్ళు అంటారు. ఈ కోపం పుట్టి పదేళ్ళు దాటింది కాబట్టి, అది తగ్గేదాకా ఆగితే నేను ఎప్పటికీ రాయలేను.

ఇతరులు రాసిన ఫలితాలను మళ్ళీ చూసి ఒప్పో తప్పో తేల్చడమే ఉద్యోగంగా బతికినదాన్ని, అందుచేత ఆ వాక్యాన్ని కూడా అలాగే చూశాను. ముప్పై రెండేళ్ళన్నది నిజం, సర్వీసు పుస్తకంలో ఉంది. ఒక్క తప్పు కూడా చేయలేదన్నది వినికిడి. అది అబద్ధమని కూడా నేను అనలేను, ఎందుకన్నది చివర చెబుతాను. ఇక చేతుల మాటకొస్తే, చివరి సంవత్సరాల్లో కొంతకాలం ఆయన పేరు మీద పనిచేసినవి ఆయన చేతులు కావు, ఇది నాకు ఖాయంగా తెలుసు, కనిపెట్టింది నేనే. ఆయన తాగేవాడన్నది నిజం, నా కళ్ళతో చూశాను. ఎందుకు మొదలుపెట్టాడన్నది వినికిడి. తమ్ముడు పోయిన దిగులని కొందరు, తుఫానుకు ఇంటి పైకప్పు లేచిపోయిన ఏడాది నుంచని కొందరు, అంతకు ముందే ఉందని ఇంకొందరు చెప్పేవారు, ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఆయన్ని చంపింది నేను రాసిన కాగితమేనన్నది కూడా వినికిడే. ఆ మాట నా ముఖం మీద ఎవరూ అనలేదు కాబట్టి, జవాబు చెప్పుకునే అవకాశం ఇన్నాళ్ళూ నాకు రాలేదు.

అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు కలిసే చోట ఒక పట్టణం, అందులో ఒక ఆసుపత్రి. వాటి పేర్లు రాయను. సూక్ష్మజీవుల శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, పుస్తకంలోని రంగుల బొమ్మలు తప్ప అసలైన మలేరియా క్రిమిని ఒక్కసారి కూడా చూడకుండా నేను అక్కడ ఉద్యోగంలో చేరిన రోజున, పెద్ద టెక్నీషియన్‌గా ఉన్న ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పుస్తకం సదివినావు సరే, రకతం సూసినావేటి సెల్లీ?" అని అడిగాడు. ఆ పూట నుంచి ఆయన నాకు అన్నయ్య, నేను ఆయనకు సెల్లి. ఆ రోజుల్లో మా ల్యాబులో వరసలు కలుపుకోని మనిషి లేడు. మేడమ్, సార్ అన్న పిలుపులు పై నుంచి ఎవరైనా తనిఖీకి వస్తేనే బయటికి వచ్చేవి.

పని ఆయన నేర్పినట్టు ఇంకెవరూ నేర్పలేదు. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను గాజు స్లైడు మీద పరచడం, ఆరనివ్వడం, రంగు పట్టించడం, పైన ఒక్క చుక్క నూనె వేసి కటకం కిందికి జరపడం, ఇవన్నీ ఎవరైనా నేర్పుతారు. చూడటం మాత్రం ఆయనే నేర్పాడు. కటకం కింద ఒకసారికి కనిపించేది గోరంత కూడా కాదు. దాన్ని చూసి, కొంచెం జరిపి పక్కది చూసి, అలా వంద చోట్ల చూస్తే గాని క్రిమి లేదని రాయకూడదు. "ఉన్నాది అనడానికి ఒక్కటి కనపడితే సాలు సెల్లీ. నేదు అనాలంటే వంద సోట్ల సూడాల. తొంబైతొమ్మిది కాడ లేసిపోయినోడు సూడనట్టే లెక్క," అనేవాడు. చూడటం అయ్యాక నూనె తీసే పద్ధతి కూడా ఆయనదే. రుద్దకూడదు. పల్చటి కాగితాన్ని స్లైడు మీద పరిచి, నిద్రపోయే పసిబిడ్డ ముఖం మీంచి గుడ్డ తీసినట్టు, మెల్లగా మన వైపు లాక్కోవాలి. అలా తీసిన స్లైడు మీద నూనె జాడ ఉండదు, రక్తపు పొర మీద గీత పడదు. ఇలా తీసేవాళ్ళు ఈ రెండు జిల్లాల్లో మేమిద్దరమే ఉండేవాళ్ళమని నా నమ్మకం. నమ్మకమే, నేను అందరినీ చూడలేదు.

తర్వాత నాకు జిల్లా కేంద్రానికి బదిలీ అయింది. అక్కడ నా పని, అన్ని ఆసుపత్రుల నుంచి నెలనెలా వచ్చే మలేరియా స్లైడ్ల పెట్టెలు విప్పి, క్రిమి ఉందని రాసినవన్నీ, లేదని రాసినవాటిలో పదింట ఒకటీ, మొదట చూసినవాళ్ళు ఏం రాశారో తెలుసుకోకుండా మళ్ళీ చూడటం, చూశాక రెండు ఫలితాలనూ పోల్చడం. రెండువేల పన్నెండు, పదమూడు ప్రాంతాల్లో అన్నయ్య పొడి అక్షరాలున్న స్లైడ్లు వస్తే నాకు పండగలా ఉండేది. నేను ఉందంటే ఉందని, లేదంటే లేదని, ఒక్కటి తేడా వచ్చేది కాదు. ఏడాది గడిచింది, ఇంకో ఏడాది గడిచింది, తేడా లేదు. ఎంత గొప్పవాడైనా మనిషన్నాక, పనిగంటల్లో కళ్ళు అలిసిన ఏదో ఒక పూట, తప్పిపోవాలి. ఆయనే కాదు, నేనూ తప్పేదాన్ని. అంత నిర్దోషంగా ఉన్న వరసను చూసి గర్వపడటం మాని అనుమానించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇంకెవరి స్లైడ్లయినా అయితే రెండు నెలలు పట్టేది. ఇది నా మీద నాకున్న మొదటి కోపం.

అనుమానం వచ్చాక, ఫలితాలను వదిలి గాజును చూశాను. ఆయన పొడి అక్షరాలున్న స్లైడ్లలో కొన్నింటి మీద నూనె జిడ్డు అలాగే ఉంది. కొన్నింటిని ఎవరో దూదితో రుద్దారు, పొర మీద సన్నటి గీతలు పడ్డాయి. కొన్ని ముక్కు దగ్గర పెడితే నూనెను కరిగించే ద్రావకం వాసన గాటుగా వేశాయి, దాంట్లో ముంచి తీశారన్నమాట. మూడు రకాలు, మూడు చేతులు. పసిబిడ్డ ముఖం మీంచి గుడ్డ తీసినట్టు తీసిన స్లైడు ఆ పెట్టె మొత్తంలో ఒక్కటీ లేదు. కిందటి నెలల పెట్టెలు కూడా తీయించి చూశాను. లేదు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా పాసింజరు రైలెక్కి చీపురుపల్లిలో దిగి, రాజాం వెళ్ళే బస్సు పట్టుకుని, పదకొండు గంటలయ్యేసరికి పాత ల్యాబు గుమ్మంలో నిలబడ్డాను.

అన్నయ్య కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన ట్రేలోని స్లైడ్లు మూడు కుప్పలుగా మూడు మైక్రోస్కోపుల పక్కన ఉన్నాయి. అన్నయ్య దగ్గరే పని నేర్చుకున్న చిన్న టెక్నీషియన్, నాకు తమ్ముడి వరస, లేచి నిలబడి, "ఓలమ్మా, ఏటక్కా సెప్పా పెట్టకుండా వచ్చేసినావు! ఉండు, టీ తెప్పిస్తాను," అన్నాడు. టీ సంగతి తర్వాత, ఈ కుప్పలు ఎవరివని అడిగాను. దాచాలని కూడా తోచలేదు అతనికి. "అన్నయ్యవి గదా. ఎవులి వోటా ఆళ్ళం సూసేస్తన్నాం," అన్నాడు. వాటా అట. పొద్దున్నే ముగ్గురూ కూర్చుని, ఆయన ట్రేని మూడు వాటాలు వేసుకుని, చూసి, అనుమానం ఉన్నదాన్ని మిగతా ఇద్దరికీ చూపించి, ఫలితం రాసి, కింద ఆయన పొడి అక్షరాలు వేసేవారు. తమ సొంత పని దాని తర్వాత మొదలయ్యేది. రెండేళ్ళకు పైగా జరుగుతోంది. బరువు మోస్తున్న పెద్దాయన చేతిలోంచి సంచీ అందుకున్నంత మామూలుగా, పైగా కొంచెం గర్వంగా చెప్పాడు. మాకు చూడటం నేర్పినవాడి పరువు మేమే కాపాడుకోకపోతే ఎవరు కాపాడతారన్నది వాళ్ళ వాదన. నాకు అక్కడికక్కడే ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ అమాయకత్వానికి కాదు. ఆ వాదన విని ఒక్క క్షణం నాకు కూడా సబబే అనిపించినందుకు.

ఆయన వెనక గదిలో ఉన్నాడు. చూడటం పూర్తయి, గడువు తీరిన స్లైడ్లను పారేయకుండా కడిగి మళ్ళీ వాడుకునే రోజులవి. చొక్కా చేతులు పైకి మడుచుకుని, స్టూలు మీద కూర్చుని, సబ్బు నీళ్ళ తొట్టిలో చేతులు ముంచి ఒక్కొక్క గాజునూ కడుగుతున్నాడు. గది నిండా సబ్బు వాసన, దాని కింద ఇంకో వాసన. నన్ను చూసి లేవలేదు. "వచ్చినావా? సెల్లి కనిపెట్టేస్తాదిరా అని నానంటే ఈళ్ళు నమ్మనేదు. ఏటి సూసి పట్టీసినావు?" అన్నాడు. నూనె అన్నాను. పరీక్షలో శిష్యురాలు నెగ్గినందుకు గురువు నవ్వినట్టు నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. నీళ్ళలోంచి చేతులు తీయమన్నాను. తీశాడు. వేళ్ళు కొబ్బరాకులా ఊగుతున్నాయి. మళ్ళీ నీళ్ళలో పెట్టేసుకుని, "ఇందులో ఉన్నంతసేపూ కనపడదు," అన్నాడు. తర్వాత గొంతు పెంచి, "సేతులు వణుకుతాయి గాని కళ్ళు వణకవు. నా కళ్ళు తాగనేదు సెల్లీ!" అన్నాడు.

మాటను మాటగా ఒప్పుకునే అలవాటు నాకు లేదు. ఫలితం ముందే తెలిసిన అయిదు స్లైడ్లు నా సంచీలో తెచ్చుకున్నాను. ఆయన్ని కూర్చోబెట్టి, నూనె చుక్క నేనే వేసి, పక్కన నిలబడి, స్లైడు జరిపినప్పుడల్లా మనసులో లెక్కపెట్టాను. నాలుగు సరిగ్గా చెప్పాడు, అందులో ఒకటి నన్ను కూడా ఒకప్పుడు తికమక పెట్టినది. అయిదోదానిలో క్రిమి ఉంది, చాలా తక్కువగా ఉంది. ముప్పై ఒక్కసారి జరిపి, కళ్ళు పైకెత్తి, "నేదు," అన్నాడు. ముప్పై ఒకటి. వంద చోట్ల చూడందే లేదనకూడదని నాకు నేర్పిన మనిషి. తప్పని చెబితే, "మీ జిల్లా ల్యాబోళ్ళకి రంగు పట్టించడం ఎప్పుడొచ్చినాదిలే," అని ఎగతాళి చేశాడు. బయట ముగ్గురూ వింటున్నారని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ఆసుపత్రి పెద్ద డాక్టరు గారికి అన్నీ తెలుసు. మనిషి బంగారమని, జ్వరాల కాలంలో ఉన్న నలుగురిలో ఒకరిని తీసేస్తే పని నడవదని, వానలు తగ్గాక సెలవు పెట్టించి విశాఖపట్నంలో వైద్యం చేయిస్తానని, కాగితం మీద పెడితే మాత్రం ఉద్యోగం పోతుందని మెత్తగా చెప్పారు. అప్పుడు నేను చేసిన పని రాస్తున్నాను, తప్పించుకోవడానికి దారి లేదు కనుక. ల్యాబులో ముగ్గురికీ చెప్పి వాటాలు ఆపించాను. ఆయన స్లైడ్లు ఆయనే చూడాలని, ఆయన చూసినవాటిలో పదింట ఒకటి కాకుండా అన్నీ విడిగా ఉంచి వారం వారం నాకు పంపాలని డాక్టరు గారితో అన్నాను. ఒక్క ముక్క కూడా రాసి ఇవ్వలేదు. రాస్తే అందులో ఆయన పేరు ఉంటుంది. వాటాలు వేసుకున్న ముగ్గురినీ తిట్టి బయటికి వచ్చిన నేను, మెట్లు దిగుతూ నాలుగో వాటా తీసుకున్నానని అప్పుడు గ్రహించలేదు. ముప్పై ఒకటి లెక్కపెట్టి కూడా గ్రహించలేదు. వారానికోసారి నా దగ్గరికి వచ్చే స్లైడు నాకు నిజం చెప్పొచ్చు గాని, ఆ వారమంతా జ్వరంతో పడి ఉన్న మనిషికి దానివల్ల ఒరిగేదేమిటని ఆలోచించలేదు. మొదటి వారం స్లైడ్లు రాలేదు. డాక్టరు గారికి ఫోను చేస్తే పంపుతున్నామన్నారు. రెండో వారం కూడా అదే మాట. తర్వాత తెలిసింది, డాక్టరు గారు స్లైడ్లు విడిగా పంపాలన్న మాట ల్యాబులో ఎవరికీ చెప్పనేలేదని.

ఆ రెండు వారాల్లోనే ఆమె వచ్చింది. సముద్రపు ఒడ్డు పల్లె మనిషి, ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని కొండ దిగువ సంతలకు వెళ్ళి, రెండు రాత్రులు అక్కడే పడుకుని, అమ్ముకుని తిరిగి వచ్చేది. అలా వస్తూ దారిలో వణుకు జ్వరం వస్తే మా పాత ఆసుపత్రిలో దిగింది. ఇది చీటీ మీద ఉంది, సోమవారం. వెంటనే ఫలితం చెప్పే పరీక్ష కిట్లు ఆ నెలలో అయిపోయాయి, స్టాకు పుస్తకంలో ఉంది. స్లైడు తీశారు. అన్నయ్య చూశాడు, లేదని రాసి తన పొడి అక్షరాలు వేశాడు. అవి ఆయన వేసినవే, వంకరగా ఉన్నాయి. మామూలు జ్వరమని మాత్రలిచ్చి పంపారు. పదోరోజున పెద్దాసుపత్రిలో పోయింది. అక్కడ తీసిన రక్తంలో మెదడుకెక్కే రకం మలేరియా క్రిమి ఉందని రాసిన కాగితం మరుసటి సోమవారం నా బల్ల మీదికి వచ్చింది. మొదటి పరీక్ష ఎక్కడ జరిగిందన్న గడిలో మా పాత ఆసుపత్రి పేరు చూసి ఫోను చేశాను. ఆ స్లైడు కావాలన్నాను. అవతల తమ్ముడు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "అది నేదక్కా. శనివారం కడిగేసినారు," అన్నాడు.

మళ్ళీ అదే రైలు, అదే బస్సు. ల్యాబు వరండాలో ఒకతను గోడకు చేరబడి గొంతుకూర్చుని ఉన్నాడు. ఎండకు మాడిన చేపల వల రంగులో ఉన్న చొక్కా, చేతిలో నాలుగు మడతలు పెట్టిన చీటీ. పోయినామె భర్త. శుక్రవారం కూడా వచ్చాడట, రేపు రమ్మని పంపేశారట. నన్ను చూసి లేచాడు. "నువ్వు పెద్ద డాక్టరమ్మవా? సూడు తల్లీ, ఏటీ నేదని ఈ సీటీ మీద రాసినారు. ఏటీ నేకపోతే మనిసి ఎలాగ సచ్చిపోనాది? నువ్వు సెప్పు," అన్నాడు. నేను డాక్టరును కాను. నాకు తెలియదన్నాను. అది నిజం, శాస్త్రం చదువుకున్న మనిషి ఆ ప్రశ్నకు చెప్పగలిగిన ఏకైక నిజం. అతను నా ముఖంలోకి చూసి, "అందరూ ఇదే మాట సెప్తన్నారు," అని మళ్ళీ గోడ దగ్గర కూర్చున్నాడు. నా నిజాయితీకీ వాళ్ళ దాటవేతకూ మధ్య అతనికి తేడా ఏం కనిపిస్తుంది?

అన్నయ్య ఆ రోజు తాగి లేడు. ఖాళీ తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. నెలాఖరు దాకా ఉంచాల్సిన స్లైడ్లను మధ్యలో ఎందుకు కడిగావని అడిగాను. శుక్రవారం అతను వచ్చి అడిగినప్పుడు గుమ్మం వెనక నిలబడి విన్నానని చెప్పాడు. ఆ స్లైడు వెతికి తీశానని కూడా చెప్పాడు. కటకం కింద మళ్ళీ పెట్టి చూశావా అన్నాను. "నేదు సెల్లీ. సేతిలో అట్టుకున్నాను. సూస్తే ఏటి కనపడతాదో అని బయ్యమేసినాది. ట్రే మొత్తం తొట్లో ఒంపేసినాను. సూడకుండా కడిగీసినాను." మొదటిసారి చూసినప్పుడు ఎన్ని చోట్ల జరిపావని అడిగాను. గుర్తు లేదన్నాడు. నా జీవితంలో ఏ మనిషి మీదా నేను అంత గట్టిగా అరవలేదు. ఏమన్నానో ఇక్కడ రాయను. బయట మూడు మైక్రోస్కోపుల దగ్గరా పని ఆగిపోయిందని మాత్రం గుర్తుంది. ఆ గదిలోనే, ఆయన కళ్ళ ముందే, మూడు వారాల కిందట రాయాల్సిన కాగితం రాశాను. వాటాల సంగతి, ముప్పై ఒకటి సంగతి, కడిగిన సంగతి, నేను నోటిమాటతో సరిపెట్టిన సంగతి కూడా. ఆయన చదివి, కింద తన సంతకం పెట్టడానికి కలం అడిగాడు. అవసరం లేదన్నాను. "ఉండనీ," అని పెట్టాడు.

ఆ తర్వాతవి క్లుప్తంగా రాస్తాను. విచారణ జరిగింది. ఆయన్ని మైక్రోస్కోపు నుంచి తప్పించారు, తర్వాత ఆయనే ముందుగా ఉద్యోగం వదులుకున్నాడు. నాకు మందలింపు కాగితం ఇచ్చారు, అది న్యాయమే. విశాఖలో వైద్యం చేయించుకున్నాడన్నది నిజం, చీటీలు చూశాను. ఏడాది పాటు ముట్టుకోలేదన్నది వినికిడి. రెండేళ్ళకు పోయాడు. లివరు అప్పటికే పాడైపోయిందని డాక్టర్లు రాశారు. నేను కాగితం రాయకపోతే ఇంకొన్నేళ్ళు ఉండేవాడా? వాటాలు మొదలైన నెలలోనే ఎవరైనా రాసి ఉంటే, లివరు బాగున్నప్పుడే వైద్యం అంది, ఇప్పుడీ గుంపులో తనే నమస్కారాలు పంపుతూ ఉండేవాడా? రెండూ ఊహలే, రెండింటికీ ఆధారం లేదు. కాకపోతే మొదటి ఊహను అందరూ గుసగుసలాడతారు, రెండోదాన్ని ఎవరూ పైకి అనరు.

ఒక్క మనిషి అంది. ఆయన పోయిన పదకొండో రోజు వాళ్ళింటికి వెళ్ళాను, వదిన తలుపు ముఖం మీద వేసేస్తుందనుకుంటూనే. ఆమె చాప వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తిట్టింది. "ఆ కాయితమేదో ముందే ఎందుకు రాయనేదమ్మా? ఇంటికాడ నాను అరిసి అరిసి గొంతు పోనాది. ఆపీసుకి ఎల్తే పని దాని మానాన అది అయిపోతన్నాది, ఎవులూ ఏటీ అనరు, అందరూ అన్నయ్యా అన్నయ్యా అని కాళ్ళకి దండం. నాను తాగుబోతునయితే ఆళ్ళు ఇలాగ సూస్తారేటే అని నన్నే అడిగీవోడు. మరి నా మాటెందుకు ఇంటాడు?" అంది. నేను తల దించుకుని విన్నాను. వాటాలు తీసుకున్న నలుగురిలో నేనూ ఒకదాన్నని ఆమెకు తెలియకపోవచ్చు, తెలిసే అని ఉండొచ్చు.

ఇప్పుడు ఆ ల్యాబు మారిపోయిందని విన్నాను, ఒకసారి వెళ్ళి చూశాను కూడా. స్లైడ్లు కడగరు, వాడి పారేస్తారు. తొట్టి ఉన్న చోట కంప్యూటరు ఉంది. రక్తకణాలను యంత్రం లెక్కపెట్టి, కాగితం మీద అచ్చు వేసి ఇస్తోంది. మెడలో కార్డులు వేలాడుతున్న పిల్లలు ఒకరినొకరు పేర్లతో పిలుచుకుంటున్నారు, ఎవరి పని వాళ్ళు చేసుకుని ఎవరి బండి మీద వాళ్ళు వెళ్ళిపోతున్నారు. అక్కడ ఒకరి చెయ్యి వణికితే రెండోవాళ్ళు వాటా వేసుకోరు. బహుశా గమనించరు కూడా. అది మంచిదేనని నా బుద్ధి చెబుతుంది. అయినా ఆ గుమ్మంలో నిలబడినంతసేపూ ఎవరైనా సెల్లీ అని పిలుస్తారేమోనని నా చెవి వెతికింది, నా మీద నాకే చిరాకు పుట్టింది. ఆ పిలుపులోని ఆప్యాయతే ముగ్గురి చేత దొంగ పొడి అక్షరాలు వేయించింది, నా చేత కాగితం ఆపించింది. అది తెలిసీ అదే కావాలనిపించడం నాకు అర్థం కాదు.

ఇక చివర చెబుతానన్న మాట. ఆ సోమవారం నాటి స్లైడు మీద క్రిమి ఉందా, లేదా? ఉండి, ముప్పై చోట్ల చూసి లేచిపోయిన మనిషికి కనబడలేదా? లేక జ్వరం మొదలైన తొలిరోజు కాబట్టి ఆ చుక్కలో నిజంగానే లేదా, నేను చూసినా, ఎవరు చూసినా, వంద చోట్ల కాదు వెయ్యి చోట్ల చూసినా లేదనే రాసేవాళ్ళమా? రెండూ సాధ్యమే. ఆమె భర్తకు నేను చెప్పాల్సిన జవాబు ఇదొక్కటే. అది నాకు ఇప్పటికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే చూడగలిగిన ఒకే ఒక్క మనిషి చూడటానికి భయపడి దాన్ని సబ్బు నీళ్ళలో వేశాడు. కడిగిన ఆ గాజు ఆరాక మళ్ళీ ఎవరి రక్తానికో వాడే ఉంటారు. గుంపులోని ఆ వాక్యం కింద నేను చివరికి ఏమీ రాయలేదు. తప్పు లేదని అక్కడ ఇన్ని చేతులు దండం పెడుతున్నాయి, అందులో ఎవరూ ఒక్క చోటైనా చూడలేదు.